సందర్భం తప్పిన సందర్భసహిత వ్యాఖ్య

తెలుగు సాహిత్య విద్యార్థి పరీక్షలో తప్పించుకోలేని ప్రశ్నల్లో సందర్భసహిత వ్యాఖ్య ఒకటి. అంటే కావ్యం నుంచో నాటకం నుంచో ఒక వాక్యాన్ని విడదీసి ఇస్తే, అది ఏ కవి ఏ రచనలోదో, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నదో, దాని భావమేమిటో, అందులోని విశేషమేమిటో వరుసగా వివరించడం. వీటిలో కవి పరిచయానికి చదువుతో పెద్దగా పని లేదు, ఏ కవి శైలి అయినా మృదుమధురంగానే ఉంటుందని, ఏ కవి అయినా సమకాలీన సమాజాన్ని ప్రతిబింబించే ఉంటాడని గైడ్లు ఏనాడో తేల్చేశాయి. చిక్కంతా సందర్భం దగ్గరే.

తిక్కన విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపుర స్త్రీల నడుమ నిలబడి, తగిన సారథి దొరకాలే గాని కౌరవ సేనను ఒంటిచేత్తో తరిమేస్తానని పలికే మాటలను విడిగా చదివితే, వాటిలో వీరరసం, అంటే ఉత్సాహం స్థాయిభావంగా గల రసం, కట్టలు తెంచుకుంటున్నట్టే ఉంటుంది. ఆ సేన కంటబడగానే అతను రథం దూకి పరుగు లంకించుకున్న సంగతి ప్రశ్నపత్రంలో ఉండదు గనుక, విద్యార్థి అతణ్ణి అభిమన్యుడితో పోల్చి (బావమరుదులు కాబట్టి బంధుత్వం రీత్యా అది పెద్ద తప్పు కాదు), క్షత్రియ ధర్మం మీద అరపేజీ రాసి, కింద గీత గీస్తాడు. ప్రతి మాటకూ అర్థం సరిగ్గా రాసి మొత్తం పద్యాన్ని తలకిందులుగా అర్థం చేసుకోవడం సామాన్యమైన ప్రతిభ కాదు.

ఈ ప్రమాదాన్ని మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందిన మల్లినాథసూరి శతాబ్దాల కిందటే పసిగట్టాడు. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిందని చెప్పి, తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ నియమం కూడా పెట్టుకున్నాడు. అదనపు కాగితాలు అడిగి తీసుకునే విద్యార్థికి ఈ నియమాన్ని వర్తింపజేస్తే, జవాబు పత్రంలో హాల్ టికెట్ నంబరు తప్ప మరేమీ మిగలదు.

నాటకంలో చిక్కు మరింత ముదురుతుంది, ఎందుకంటే అక్కడ రచయిత తన గొంతుతో మాట్లాడడు, ప్రతి మాటా ఏదో ఒక పాత్రదే. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్త రూపం దాల్చిన గురజాడ కన్యాశుల్కంలో, వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధానులు ఇంట చేరిన గిరీశం వితంతు వివాహాల గురించి చేసే ప్రసంగాలన్నీ, ఆ ఇంటి ఆడపడుచు, వితంతువు అయిన బుచ్చమ్మను లేవదీసుకుపోవడానికి పన్నిన ఎత్తులో భాగమే. మాటలు సంస్కర్తవి, గురి మాత్రం వేరు. నవ్వంతా ఆ ఎడంలోంచే పుడుతుంది. సందర్భాన్ని దాటవేసిన విద్యార్థి అవి రచయిత అభిప్రాయాలేనని, గిరీశం ఆయన ఆదర్శ పాత్ర అని ధీమాగా రాస్తాడు. గురజాడ కూడా సంస్కరణ పక్షమే కావడంతో, దిద్దే అయ్యవారికి పూర్తిగా కొట్టేయడానికి చెయ్యి రాక సగం మార్కులు వేస్తారు. ఆ విధంగా, చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ఎదుట గుట్టు రట్టయి, బుచ్చమ్మను పూనా శరణాలయానికి పంపే ఏర్పాటు జరిగి, ఎటూ కాకుండా పోయిన గిరీశం, జవాబు పత్రాల్లో మాత్రం ఏటేటా వీరేశలింగం సరసన సంఘ సంస్కర్తగా ఉత్తీర్ణుడవుతూనే ఉన్నాడు.