గాలి మిషను

మా పెద్దమ్మ కొడుకు షార్జా నుంచి వస్తూ ఈసారి బంగారం తేలేదు, గాలి కొలిచే మిషను తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. మీట నొక్కితే అంకె చూపిస్తుంది. తక్కువుంటే పచ్చ లైటు, ఎక్కువైతే ఎర్ర లైటు. దానికి తోడు గదిలో గాలిని వడకట్టే పొడవాటి డబ్బా ఒకటి. రెండూ పెద్దమ్మ కోసమే. ఆమెకు దమ్ము. ఏళ్లుగా పీడిస్తోంది. ఒక మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకుపోయి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వాళ్ల చేపప్రసాదం కూడా మింగించారు. చేప లోపలికి పోయింది గానీ దమ్ము బయటికి పోలేదు.

కోరుట్లలో దిగిన మర్నాటి నుంచే అన్న మిషను పట్టుకుని ఊరి మీద పడ్డాడు. బస్టాండు దగ్గర ఎరుపు. రైస్‌మిల్లు వెనక బూడిద ఎగిరే చోట ఎరుపు. చెత్త కాలుతున్న చోట ఎరుపు. ఊరు దాటితే కోతలైన పొలాల్లో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారు, అక్కడా ఎరుపే. సాయంత్రం చాయ్ హోటల్లో కూర్చుని పాఠం మొదలుపెట్టేవాడు.

“పీఎం రెండున్నర అంటె ఎర్కేనా? 2.5 మైక్రాన్ల నుసి. వెంట్రుక మందంల దగ్గర దగ్గర ముప్పయ్యో వంతు. ముక్కుల ఆగది, సీదా ఊపిరితిత్తుల అడుగుకు పోతది. మన సర్కారు రోజు సగటు 60 దాటొద్దన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితె 15 చాలన్నది.”

“మనది ఢిల్లీ కాదు గద అన్నా,” అన్నాడు చాయ్ పోసేవాడు.

“ఢిల్లీల మూలమూలకు మిషన్లున్నయి, అందుకే రోజు పేపర్ల వడ్తది. 2019ల కేంద్రం గాలి ఖరాబైన ఊర్ల జాబితా తీసింది. మన రాష్ట్రంల హైదరాబాదు, నల్గొండ, పటాన్‌చెరు. మన పేరు లేదు.”

“లేకుంటె మంచిదే గదా!”

“కొలిస్తె గద పేరు ఎక్కేది!” అన్నాడు అన్న. అందులో న్యాయం లేకపోలేదు.

బయటి గాలి తన చేతిలో లేదు కాబట్టి ఇంటి గాలి మీద పడ్డాడు. పెద్దమ్మ గది కిటికీలకు టేపు అంటించాడు. తలుపు కింది సందులో పాత చీర కుక్కాడు. డబ్బాకు కరెంటు పెట్టాడు. ఫ్యాను మాత్రం పెద్దమ్మ వేయనివ్వలేదు. అది ఆమెకు ముందు నుంచీ ఉన్న పట్టు. గాలి పడదు కాబోలు అనుకున్నాం. గది నడుమ మిషను పెడితే పచ్చ లైటు వెలిగింది. అన్న దాన్ని ఫొటో తీసి షార్జా రూమ్మేట్లకు పంపాడు.

దీపావళి దాటిన మూడో రాత్రి పెద్దమ్మకు దమ్ము ఎత్తుకుంది. నేను వెళ్లేసరికి మంచం పట్టె మీద ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చుంది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. రెండు మాటలు కలిపి అనలేకపోతోంది. నీలం పంపు ఎన్నిసార్లు కొట్టినా దిగలేదు. అప్పటిదాకా వాకిట్లోకి వినిపించిన పిల్లికూతలు ఆగిపోయాయి. తగ్గిందనుకుని మేం ఊపిరి పీల్చుకున్నాం. 108 కుర్రాడు మాత్రం కూత ఆగిందనగానే కంగారు పడ్డాడు. గాలి ఆడుతుంటేనే కూత. అసలే ఆడకపోతే కూత ఎక్కడిది? ఆక్సిజన్ పెట్టి పాతిక కిలోమీటర్లు జగిత్యాలకు తోలుకుపోయాడు.

నెబ్యులైజరు పెట్టి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాక తెల్లవారుజామున కుదుటపడింది. డాక్టరు చీటీ రాస్తూ అడిగాడు.

“ఇంట్ల ఎవరన్న బీడీ, సిగరెట్ తాగుతరా?”

“మా తాత నుంచి నా దాక బీడీ ముట్టిచ్చినోడు లేడు సార్,” అన్నాడు అన్న, ఛాతీ విరుచుకుని.

“కట్టెల పొయ్యి?”

“గ్యాసే.”

“అయితే బయట పొగ, దుమ్ము అయి ఉంటది. కొన్ని రోజులు గాలి మార్చి చూడండి.”

అన్నకు కావలసిందీ అదే. వేములవాడ మీదుగా పెద్దమ్మను సిరిసిల్లలో అక్క ఇంట్లో దింపాం. అది సాంచెల వాడ. పొద్దస్తమానం టకటకలు. నూలు నుసి కిటికీ ఊచలకు బూజులా పట్టి ఉంది. అన్న వీధిలో మిషను తీశాడు. ఎరుపు. వాకిట్లో ఎరుపు. “అవ్వను పెనం మీదికెల్లి పొయ్యిల వేసినమా?” అని తల పట్టుకున్నాడు.

అదే ఇంట్లో, ఆ ఎర్ర లైటు కిందే, పెద్దమ్మ రెండు దిండ్లు తీసేసి వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయింది. వారం గడిచినా నీలం పంపు సంచిలోంచి బయటికి రాలేదు. మనవరాలిని చంకనేసుకుని మేడ మెట్లు ఎక్కింది. అన్న మిషనును అరచేతిలో కొట్టి చూశాడు, చార్జింగు పెట్టి చూశాడు, బట్టతో తుడిచి చూశాడు. అది ఎర్రగానే చూసింది. పెద్దమ్మే విసుగెత్తింది.

“చేతులు ఊకె ఉంటలెవ్వు బిడ్డా. నేను ఇంటికి పోత,” అని బస్సెక్కింది.

కోరుట్లకు వచ్చింది. టేపు అంటించిన గదిలో, పచ్చ లైటు ముందు కూర్చుంది. మూడో రాత్రి మళ్లీ 108, మళ్లీ జగిత్యాల.

ఈసారి డ్యూటీలో ఉన్నది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఆక్సిజన్ చూసే క్లిప్పును పెద్దమ్మ వేలికి తొడిగింది. 88. సరిగా అందలేదేమోనని క్లిప్పు తీసి, స్పిరిట్ దూదితో వేలు తుడిచింది. గోరు చుట్టూ పట్టిన గోధుమ మరక పోలేదు. ఇంకోసారి రుద్ది, దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నెబ్యులైజరు పని చేసి పెద్దమ్మ మనిషిలో పడేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

“ఏం పని జేస్తవ్ అవ్వా?”

అన్న అందుకున్నాడు. “పనేం లేదు మేడం. ఊకె ఇంట్ల కూసుంటది. కూసొని బీడీలు జేస్తది.”

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది.

“ఏడ కూసొని?”

“ఆమె గదిలనే. ఆకు, తంబాకు అన్ని ఆ మంచం కిందనే ఉంటయి.”

“ఫ్యాను?”

“వెయ్యనియ్యదు.”

“ఎందుకు వెయ్యనిస్తది? చాటల తంబాకు ఎగిరిపోదా?” అంది ఆమె. “కిటికీలు?”

అన్న టేపు సంగతి చెప్పాడు. చెబుతుంటే గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి జేబులోంచి మిషను తీశాడు. “కని పచ్చ లైటే వస్తది మేడం.”

“ఇది లెక్కబెట్టేది మరీ సన్నటి నుసిని. తంబాకు దుమ్ము చాలామట్టుకు అంతకన్న ముతక. దీని లెక్కకు రాదు, మీ అవ్వ గాలిగొట్టాలకు వస్తది. బయటి పొగ చెడ్డదే, కాదంటలేను. కని ఈమెను తంబాకుతోని కలిపి లోపల వెట్టి సీలు వేసింది నువ్వే.”

అన్న ఏమీ అనలేదు. మేమూ ఏమనగలం? కోరుట్ల, మెట్‌పల్లి వైపు మొగవాళ్లు గల్ఫ్‌కు పోతారు, ఆడవాళ్లు చాట ముందు కూర్చుంటారు. పోయిన వాళ్లది పని, కూర్చున్న వాళ్లది కూర్చోవడం. మా లెక్కలో అంతే.

డాక్టరమ్మ సొరుగులోంచి ఒక బీడీ కట్ట తీసింది. ఏ పేషెంటు దగ్గర గుంజుకున్నదో. 2016 ఏప్రిల్ నుంచి కట్ట మీద 85 శాతం జాగాలో హెచ్చరిక బొమ్మ వేయాలన్నది నిబంధన. ఆ బొమ్మను పెద్దమ్మ కళ్ల ముందు పెట్టింది.

“ఇన్నేండ్ల సంది బీడీలు జేస్తున్నవ్ గద అవ్వా. గీ బొమ్మ ఒక్కసారన్న సూసినవా?”

పెద్దమ్మ మాస్కు పక్కకు జరిపి నవ్వింది.

“సూడకేం బిడ్డా. గీ బొమ్మ పెద్దగ జేసినప్పుడే గద... కంపెనీలు పని బంద్ వెట్టినయి. బొమ్మ తీసెయ్యాలెనని... ధర్నా జేసినం. ముందటి వరసల నేనే కూసున్న.”

“తీసెయ్యాలెననా? ఎందుకవ్వా?”

పెద్దమ్మ మరక పట్టిన ఆ వేలితోనే కొడుకును చూపించింది.

“గా యేడే వీనికి షార్జా వీసా వచ్చింది. బొమ్మ జూసి జనం బీడీలు బంద్ జేస్తె... వీని వీసా పైసలు ఏడికెల్లి తేవాలె?”