నూట డెబ్భై అయిదో గేటు

శివరాత్రినాడు పట్టిసం రేవులో నిలబడితే ఎవరు అధికారంలో ఉన్నారో తెలుసుకోడానికి పేపరు అక్కర్లేదు. గోదారి మధ్య కొండ మీది గుడికి వెళ్ళే లాంచీని చూస్తే చాలు. మెట్లు దిగుతున్న పెద్దమనిషి కోసం లాంచీ ఆగి ఉందంటే ఆయన అధికార పక్షం. లాంచీ కోసం ఆయనే ఆగి ఉన్నారంటే ప్రతిపక్షం. లాంచీ కుర్రాడు చెయ్యి చాపి టిక్కెట్టు డబ్బులు అడిగాడంటే, ఆ ఏడు పార్టీ టిక్కెట్టు కూడా రాలేదన్నమాట.

నేను ఒకే ఎమ్మెల్యే గారిని ఈ మూడు భంగిమల్లోనూ చూశాను. పేరు చెప్పను. చెప్పడానికి ఒక్క పేరూ లేదు. దిగువన, సముద్రపు గాలి తగిలే నియోజకవర్గాల్లో నాకు ఎదురుపడిన నలుగురైదుగురిని కలిపి ఒకే కండువా కింద కూర్చోబెట్టాను. పోలవరం వాళ్ళెవరూ భుజాలు తడుముకోవద్దు. పట్టిసం, అంటే పట్టిసీమ, ఉన్న పోలవరం గిరిజనులకు రిజర్వు చేసిన స్థానం, అక్కడి కథ వేరు. దాన్ని గురించి మా డెల్టా నాయకులకు పట్టేది ఒక్కటే. 1983 నుంచి పోలవరం ఎవరు గెలిస్తే రాష్ట్రం వాళ్ళదే. 2014లో తెలుగుదేశం, 2019లో వైయస్సార్ కాంగ్రెస్, 2024లో కూటమి తరఫున జనసేన. లెక్క తప్పలేదు. అందుకని మా ఎమ్మెల్యే గారు ఓట్ల లెక్కింపు రోజున తన రౌండ్ల కన్నా ముందు పోలవరం రౌండ్లు కనుక్కుంటారు.

“అదేంటండీ, ముందు మన సంగతి చూసుకోవద్దూ?” అని అడిగాను ఓసారి.

“మన సంగతిదేవుందండీ, ఓడితే ఇంట్లో పడుకుంటాం. ఓడిపోయే పార్టీలో నెగ్గావనుకోండి, అయిదేళ్ళపాటు లస్కరు కూడా ఫోనెత్తడండి” అన్నారు.

లస్కరంటే కాలవ మీద నీళ్ళు చూసే చిన్న ఉద్యోగి. ఎమ్మెల్యే గారి జీవితమంతా ఆ లస్కరు చుట్టూనే తిరిగింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు ఈయన ఓ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ధవళేశ్వరంలో బయల్దేరిన నీరు లాకులు దాటి, పై ఊళ్ళ చేలన్నీ తడిపి, దారిలో నాలుగు దొంగ తూములకి దక్షిణ చెల్లించి, శివారు ఆయకట్టుకి చేరేసరికి బోదెలో కాళ్ళు కడుక్కోడానికి సరిపోతుంది. ఈయన ఓ వేసవిలో రైతుల్ని వెంటేసుకెళ్ళి లాకుల మీద బైఠాయించారు. మూడో రోజుకి నీరొదిలారు. ఆ మూడు రోజుల ఎండ మీద ఆయన పాతికేళ్ళు బతికారు. శివారుకి నీరు వచ్చిందా అంటే, ఇప్పటికీ రాలేదు. వచ్చేస్తే శివారు నాయకుడు ఏం చేస్తాడండీ!

ఆయన ఏ ప్రసంగమైనా కాటన్ దొరతో మొదలవుతుంది. పెళ్ళి ఆశీర్వచనమైనా, కబడ్డీ పోటీ ప్రారంభమైనా, ముందు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావాలి. ఆ తర్వాతే అసలు విషయం. ఓ ఊళ్ళో ఇలాగే ఆనకట్ట కడుతుంటే అరుగు మీది ముసలి రైతు లేచి, “బాబూ, ఓ సందేహం. మన కాటన్ బ్యారేజీకి గేట్లెన్ని?” అని అడిగాడు.

“నూట డెబ్భై అయిదు!” ఆయనకి ఇలాంటివి కంఠతా వచ్చు. ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, అంటూ విడి లెక్క కూడా అప్పజెప్పారు.

“మరి అసెంబ్లీలో మీరెంతమందండీ?”

రాష్ట్ర విభజన తర్వాత అదీ నూట డెబ్భై అయిదే. ఆయన జవాబు చెప్పేలోపే జనం నవ్వడం మొదలెట్టారు.

“గేటు తనంతట తాను లేవడం ఎప్పుడన్నా చూశారా బాబూ? పైన ఎవరో తిప్పాలి” అన్నాడు ముసలాయన.

అందరికన్నా గట్టిగా నవ్వింది ఎమ్మెల్యే గారే. ఆ నవ్వు ఊరికే పోలేదు. తర్వాతి వారం ఇదే మాట ప్రతిపక్షం మీద, తన సొంత చమత్కారంగా వదిలారు. పేపర్లో కూడా వచ్చింది.

ఆయన దినచర్య తెల్లారకట్ల అయిదింటికి లుంగీ, బనీనుతో వసారాలో మొదలవుతుంది. అప్పటికే బెంచీ నిండి ఉంటుంది. ఒకడికి లైన్‌మన్‌ని బదిలీ చేయించాలి. ఇంకొకడికి అదే లైన్‌మన్‌ని ఆపించాలి. ఒకాయన కొడుకు రాత్రి తాగి బండి నడిపి స్టేషన్లో కూర్చున్నాడు. మిగిలిన అందరికీ కొండ మీదికి లెటరు కావాలి. తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే సిఫార్సు పనికొస్తుందని శాసనసభ ఎందుకుందో తెలియని వాళ్ళకి కూడా తెలుసు. ఇన్నేళ్ళలో ఫలానా చట్టం మీద ఏం మాట్లాడారని ఆయన్ని అడిగిన ఓటరు ఒక్కడూ లేడు. నేనడిగాను. “చట్టాలదేవుందండీ, ఆఫీసర్లు రాస్తారు, మనం చెయ్యెత్తుతాం. లెటరు మాత్రం నేనే రాయాలి గదా” అన్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

మాఘమాసం ఆయనకి పరీక్షా కాలం. ఒక్క ముహూర్తానికి ఇరవై పెళ్ళిళ్ళు. కారు దిగడం, అక్షింతలు, ఫొటో, పెళ్ళికూతురి తాత గారికి దణ్ణం, “భోంచేసి వెళ్ళాలండీ” అంటే “ఇప్పుడే పక్కూళ్ళో తిన్నానండీ” అనడం, అంతా కలిపి ఏడు నిమిషాలు. నిజానికి ఆ రోజంతా ఆయన ఎక్కడా తినరు. ఒకచోట తింటే మిగతా పంతొమ్మిది చోట్లా సంజాయిషీ చెప్పుకోవాలి. పెళ్ళిళ్ళ రోజున ఆయనంత ఆకలితో ఉన్న మనిషి నియోజకవర్గంలో ఇంకొకడుండడు.

అలాంటి రోజునే జరిగిందది. కారులో కునుకు పట్టింది. డ్రైవరు లేపితే దిగారు. పందిరి ఉంది, కుర్చీలున్నాయి, గాడిపొయ్యి మీద పనసపొట్టు కూర వాసనొస్తోంది. తిన్నగా లోపలికి వెళ్ళి ఇంటి యజమాని రెండు చేతులూ పట్టుకుని, “ఇలాంటి శుభకార్యాలు మీ ఇంట మళ్ళీ మళ్ళీ జరగాలి” అన్నారు. అది వాళ్ళ నాన్న గారి పెద్దకార్యం. పందిరంతా నిశ్శబ్దం. డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. ఆ ఇంటావిడే సర్దేసింది. “పోన్లెండి, మాట తడబడితే ఏం, మనిషి వచ్చాడు గదా. అవతలాయన ఫోను కూడా చెయ్యలేదు” అంది. ఆ ఇంట్లో ఓట్లు పదకొండు. పదకొండూ ఈయనకే పడ్డాయంటారు.

శాసనసభలో ఆయన జాడ వెతికితే ఒక నక్షత్ర గుర్తు ప్రశ్న దొరుకుతుంది. శివారు నీటి గురించే. ప్రభుత్వ పరిశీలనలో ఉందని జవాబు. ఆ జవాబును ఆయన పటం కట్టించారు. సభ హైదరాబాదులో ఉన్నంతకాలం గౌతమి ఎక్స్‌ప్రెస్సో, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్సో ఎక్కేవారు. సమావేశాల పేరు చెప్పి పదిహేను రోజులు ఇంట్లో ఉండేవారు కాదు. 2017లో సభ వెలగపూడికి వచ్చాక పొద్దున్న వెళ్ళి రాత్రి అన్నానికి ఇంటికొచ్చేసేవారు. “విభజన వల్ల ఎక్కువ నష్టపోయింది నేనేనండీ. ఇంట్లో కూరలు తెమ్మంటోంది” అని మొత్తుకునేవారు.

మంత్రి పదవి మాట ఎత్తకపోతే ఆయన బొమ్మ పూర్తి కాదు. 2003లో తెచ్చిన రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రివర్గం సభ్యుల సంఖ్యలో పదిహేను శాతం దాటకూడదు. 175లో అంటే ముఖ్యమంత్రితో కలిపి 26. ఈ ఇరవై ఆరుని జిల్లాతో, కులంతో, సీనియారిటీతో భాగించి, చివర తన పేరు శేషంగా మిగిలేలా చేసే లెక్క ఆయనకొకటి వచ్చు. విస్తరణ అని గాలి రాగానే ఇస్త్రీ బట్టలు కట్టించుకుని ఫోను పక్కనే పడుకునేవారు. అర్ధరాత్రి ఫోను మోగనే మోగింది, ఒకసారి. శివారు నుంచి. “బాబూ, మళ్ళీ కాలవ కట్టేశారండీ.”

ఇక పట్టిసీమ ఎత్తిపోతల పథకం దగ్గరికొద్దాం. 2015 మార్చి 29న శంకుస్థాపన. ఇరవై నాలుగు పంపులు, 8,500 క్యూసెక్కులు, పోలవరం కుడి కాలవ మీదుగా కృష్ణా డెల్టాకి 80 టీఎంసీలు ఇవ్వాలని లక్ష్యం. మా డెల్టా గుండె గుభేలుమంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, మన గోదారిలో నీరు చాలక సీలేరు వైపు చూసే వాళ్ళం, మన నీళ్ళు వాళ్ళకిస్తే ఎలాగని. ఎమ్మెల్యే గారు ఒక పార్టీలో ఉండగా, “అవి పంపులు కావు, మన గొంతులో దించిన గొట్టాలు” అని ఏటిగట్టు మీద గర్జించారు. నేను పక్కనే ఉన్నాను, ఒళ్ళు జలదరించింది. కొన్నాళ్ళకి ఇంకో పార్టీలోంచి, అదే గట్టు మీద, దాదాపు అదే చొక్కాలో, “సముద్రంలో కలిసిపోయే వరద నీళ్ళు పక్కవాడి చేలో పారితే మనకేం పోయింది? అన్నం పెట్టే జిల్లా నీళ్ళు పొయ్యదా?” అన్నారు. అప్పుడూ ఒళ్ళు జలదరించింది. నాది అదో బలహీనత.

గమ్మత్తేమిటంటే రెండు మాటల్లోనూ నిజం ఉంది. పంపులు తిరిగేది వరదల రోజుల్లో. అప్పుడు నీళ్ళు పోతే మాకు వచ్చే నష్టం లేదు. మా కొరత దాళ్వాలో. ఆయన సార్వా నిజం ఒక పార్టీలోనూ దాళ్వా నిజం ఇంకో పార్టీలోనూ చెప్పారు, అంతే. రెండు నిజాలూ ఒకే సభలో చెప్పిన నాయకుణ్ణి నేనింకా చూడలేదు.

పార్టీలు మారడంలో కూడా ఆయనకొక నీతి ఉంది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం చదివిన లాయరుని అడక్కుండా కండువా ముట్టుకోరు. పట్టిసం కొండ స్థలపురాణం ఆయనకి అందుకే అంత ఇష్టం. దక్షుడి తల నరికిన వీరభద్రుడు తన ఆయుధం, అదే పట్టిసం, ఇక్కడ గోదారిలో కడిగాడంటారు. జనం వీరభద్రుడికి దణ్ణం పెడతారు. ఈయన మనసంతా దక్షుడి మీద. తల పోయిందా, మేక తల పెట్టించుకున్నాడా, లేచి యజ్ఞం పూర్తి చేశాడా! ఒకే కొండ మీద వీరేశ్వరుడూ భావనారాయణుడూ సర్దుకుని ఉండటం కూడా ఆయనకి నచ్చింది. ఆయన ఇంట్లోనూ బావమరిది ఒక పార్టీ, మేనల్లుడు ఇంకో పార్టీ.

వరదలొస్తే మాత్రం మనిషి నికార్సుగా మారిపోతారు, అది చెప్పకపోతే పాపం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికి ప్రకటన ఇస్తారు, రెండోదానికి నాటు పడవెక్కుతారు. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఆయనకి ఏ పదవీ లేదు. అయినా లంకల్లోకి పాల ప్యాకెట్లు మోసుకెళ్ళారు. ఫొటో తీసేవాణ్ణి కూడా తీసుకెళ్ళారనుకోండి. కానీ పాలు నిజం పాలే.

మొన్న శివరాత్రికి మళ్ళీ రేవులో కనిపించారు. ఒక్కరే ఉన్నారు, గన్‌మన్ లేడు. వరసలో నిలబడి, లాంచీ కుర్రాడికి తన డబ్బులతోపాటు వెనకున్న పదిమందివీ ఇచ్చేశారు. అలవాటు. పంపులు చప్పుడు లేకుండా పడుకుని ఉన్నాయి. ఆయన అటు చూడలేదు. లాంచీలో ఒక్కొక్కరినీ ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, వాళ్ళ తాతల పేర్లు ఆయనే చెబుతున్నారు.

ఒక మామ్మ చెయ్యి పట్టుకుంది. “బాబూ, మా మనవరాలికి కొండ మీదికి లెటరు కావాలి.”

“నేనిప్పుడు లేను కదా మామ్మా.”

“ఎదురుగా ఉంటే లేనంటావేంటి? రాయి.”

ఆయన జేబులోంచి లెటర్‌హెడ్ తీశారు. ఇంకా ఉంచుకున్నారు. ‘మాజీ’ అన్న మాట పేరు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మోకాలి మీద పెట్టుకుని రాసిచ్చారు.

ఆ లెటరు కొండ మీద చెల్లలేదు. మనవరాలు మూడొందల రూపాయల టిక్కెట్టుతో దర్శనం చేసుకొచ్చింది. 2029లో ఆయన నిలబడితే మామ్మ ఓటు ఆయనకేనట.