మళ్లీ బారసాలకు రండి

మన దేశంలో హాకీ లీగుకు ఇప్పటికి నాలుగుసార్లు బారసాల జరిగింది. మొదటి బిడ్డ నాలుగేళ్లు బతికింది. రెండోది పురిట్లోనే పోయింది. మూడోది ఐదేళ్లు ఆడిపాడి, ఒకరోజు చెప్పాపెట్టకుండా కన్నుమూసింది. ముగ్గురిలో ఒక్కరికీ ఒకటో తరగతి గడప తొక్కే యోగం పట్టలేదు. నాలుగోది ఊయల్లో ఉంది. ఇరుగుపొరుగువాళ్లం ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తీయడానికి వరసలో నిలబడ్డాం.

ముందు తల్లి సంగతి చూద్దాం. హాకీ మన జాతీయ క్రీడ అని మీరూ నేనూ బడిలో బట్టీ పట్టాం. 2012లో ఒక బడిపిల్ల సమాచార హక్కు చట్టం కింద ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వమని అడిగింది. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడల శాఖ సెలవిచ్చింది. తల్లికే ధ్రువపత్రం లేదన్నమాట. బిడ్డలు నిలవడం లేదని ఇక ఎవరిని నిలదీస్తాం?

పెద్దబిడ్డ పేరు ప్రీమియర్ హాకీ లీగ్. 2005లో మన గచ్చిబౌలిలోనే పుట్టింది. ఐపీఎల్ అనే మాట ఇంకా ఎవరి నోటా పుట్టని రోజులు. నగరాల పేర్లతో జట్లు, రాత్రిపూట దీపాల వెలుగులో ఆటలు, టీవీలో ప్రత్యక్ష ప్రసారం, అన్నీ క్రికెట్ కంటే మూడేళ్ల ముందే హాకీ చేసి చూపించింది. డెబ్బై నిమిషాల ఆటను నాలుగు ముక్కలు కోసింది. ప్రకటనల కోసం ఆటను తరిగేస్తారా అని అప్పట్లో పెద్దలు ముక్కు విరిచారు. 2014లో అంతర్జాతీయ సమాఖ్యే నాలుగు ముక్కల పద్ధతికి వచ్చింది. ఆలోచన ప్రపంచానికి దక్కింది. లీగు మాత్రం మనకు దక్కలేదు.

ఆ మొదటి ఏడాది కప్పు ఎవరిదో గుర్తుందా? హైదరాబాద్ సుల్తాన్స్‌ది. అవును, మనదే. ఈ మాట చెబితే హైదరాబాదులో పదిమందిలో తొమ్మిదిమంది అది బిర్యానీ హోటల్ అనుకుంటారు. పదోవాడు బ్రాంచి ఎక్కడని అడుగుతాడు. హైదరాబాద్ సుల్తానులు, లక్నో నవాబులు, తర్వాతి లీగులో భోపాల్ బాదుషాలు. రాజభరణాలు రద్దు చేసిన దేశంలో ఆటగాళ్లకు ఈ కిరీటాలెందుకని అప్పట్లో అనుకున్నాం. భరణాల రద్దు వాళ్లకూ వర్తిస్తుందని తర్వాత తెలిసింది.

2008 మార్చిలో చిలీ దేశపు శాంటియాగోలో బ్రిటన్ చేతిలో ఓడాం. ఎనభై ఏళ్లలో మొదటిసారి ఒలింపిక్స్‌కు మన హాకీ జట్టు వెళ్లలేకపోయింది. ఏప్రిల్లో టీవీ రహస్య కెమెరా ఒకటి సమాఖ్య పెద్దల గదిలోకి దూరింది. జట్టులో చోటు కోసం డబ్బు చేతులు మారుతోందన్న ఆరోపణ దేశమంతా చూసింది. సమాఖ్యనే సస్పెండ్ చేశారు. దానితోపాటు లీగూ పోయింది. సరిగ్గా అదే ఏప్రిల్లో, 18వ తేదీన, బెంగళూరులో ఐపీఎల్ మొదలైంది. ఒకే నెలలో ఒక ఇంట్లో పాడె, పక్కింట్లో పల్లకీ.

రెండో కాన్పు కథ మరీ విచిత్రం. అప్పటికి దేశంలో హాకీకి రెండు సమాఖ్యలున్నాయి. బిడ్డ ఒకటే, తండ్రులమని ఇద్దరు. అంతర్జాతీయ సమాఖ్య హాకీ ఇండియాను గుర్తించింది. సస్పెండైన పాత సమాఖ్య ఐహెచ్ఎఫ్ ఊరుకుంటుందా? ఒక మార్కెటింగ్ సంస్థతో కలిసి వరల్డ్ సిరీస్ హాకీ అనే సొంత సంబరం పెట్టింది. మొదలుపెట్టిన ముహూర్తం చూడండి: 2012 ఫిబ్రవరి 29. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ. ఏ సిద్ధాంతి పెట్టాడోగాని జాతకం మాత్రం అంతకంటే ఘోరం. నాలుగేళ్లకోసారైనా వస్తుందనుకుంటే 2016లోనూ రాలేదు, 2020లోనూ రాలేదు, 2024లోనూ రాలేదు. ఎనిమిది జట్లు ఆడాయి, షేర్-ఎ-పంజాబ్ గెలిచింది. తమకు రావలసిన డబ్బు రాలేదని కొందరు ఆటగాళ్లు ఆ తర్వాత చాలాకాలం మొరపెట్టుకున్నారు. ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో పన్నెండు జట్లలో మనం పన్నెండో స్థానం సాధించాం. సమాఖ్యలు రెండు ఉంటే ఆట రెట్టింపవుతుందని ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్లకు ఈ పన్నెండు సమాధానం.

మూడోబిడ్డను 2013లో హాకీ ఇండియానే కన్నది. పేరు హాకీ ఇండియా లీగ్. ఈసారి వేలం డాలర్లలో. రూపాయల్లో చెబితే దిష్టి తగులుతుందని కాబోలు. సర్దార్ సింగ్‌కు 78 వేల డాలర్లు పలికాయి. పాకిస్తాన్ నుంచి తొమ్మిదిమందిని కొన్నారు. సరిహద్దులో ఉద్రిక్తత పెరిగేసరికి కొన్న తొమ్మిదిమందినీ జనవరిలోనే వెనక్కి పంపేశారు. కొన్న సరుకు వాపసు తీసుకునే పద్ధతిని ఆన్‌లైన్ అంగళ్లకు హాకీయే నేర్పింది.

లెక్కల్లోనూ ఈ లీగుది ప్రత్యేకమైన బాణీ. 2016 నుంచి ఫీల్డ్ గోల్ వేస్తే ఒకటి కాదు, రెండు అన్నారు. పెనాల్టీ కార్నర్ మీదే ఆధారపడకుండా ఆటగాళ్లు దాడి చేస్తారని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. వచ్చే జనాన్నీ అలాగే ఒక్కొక్కరిని ఇద్దరుగా లెక్కపెట్టుకుంటే లీగు ఇంకో రెండేళ్లు నడిచేదేమో. 2017లో కళింగ లాన్సర్స్ కప్పు ఎత్తింది. ఆ తర్వాత క్యాలెండర్లో ఖాళీ లేదన్నారు. ఆ ఖాళీ దొరకడానికి ఏడేళ్లు దాటింది.

ఇక్కడే ఒక చేదు నిజం మింగాలి. లీగు లేని ఆ ఏడేళ్లలోనే మన పురుషుల జట్టు టోక్యోలో కంచు గెలిచింది, నలభై ఒక్క ఏళ్ల తర్వాత. పారిస్‌లో మళ్లీ కంచు గెలిచింది. లీగులో విదేశీయులతో భుజం భుజం రాసుకుని ఆడిన కుర్రాళ్లే ఆ పతకాలు తెచ్చారని లీగు పక్షం వాదిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. హర్మన్‌ప్రీత్ సింగ్ కుర్రతనంలో ముంబై జట్టుకు ఆడినవాడే. కానీ పంట చేతికొచ్చాక, విత్తు పని అయిపోయిందిగా అని పొలాన్ని బీడు పెట్టే రైతు ఎవరైనా ఉంటాడా? హాకీలో ఉంటాడు. పైగా ఏడేళ్లయ్యాక వచ్చి అదే పొలంలో కొత్తగా రిబ్బన్ కత్తిరిస్తాడు.

నాలుగోబిడ్డకూ అదే పేరు, హాకీ ఇండియా లీగ్. 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం. ఈసారి రూపాయల్లోనే. పారిస్‌లో పది గోల్స్ వేసిన కెప్టెన్ హర్మన్‌ప్రీత్‌ను సూర్మా క్లబ్ 78 లక్షలకు కొన్నది. అందరికంటే పెద్ద ధర అదే. నెల తిరిగాక జెడ్డాలో ఐపీఎల్ వేలం జరిగింది. అక్కడ పదమూడేళ్ల కుర్రాడు కోటీ పది లక్షలు పలికాడు. ఆ పిల్లవాడిని అని ప్రయోజనం లేదు, వాడు బంతిని బాదుతాడు, మనం డబ్బు బాదుతాం. రిషభ్ పంత్ ఒక్కడి ధర 27 కోట్లు. హాకీలో పురుషుల జట్టుకు మొత్తం ఖర్చు పరిమితి 4 కోట్లు, జట్లు ఎనిమిది. అంటే లీగంతా కలిపితే 32 కోట్లు. ఒక్క వికెట్ కీపర్‌ను అమ్మి, ఇంకో అయిదు కోట్లు అప్పు చేస్తే చాలు, హాకీ లీగు మొత్తాన్ని కొనేయొచ్చు.

మన తెలుగువాళ్లకు ఆ ఎనిమిదిలో రెండు జట్లు దక్కాయి. ఒకటి హైదరాబాద్ తూఫాన్స్. మా వీధి కుర్రాడు ఎగిరి గంతేశాడు.

"బాబాయ్, మన తూఫాన్స్ మ్యాచ్ యాడ జరుగుతది?"

"రూర్కెలాల."

"గది ఏ మెట్రో స్టేషన్ కాడ దిగాలె?"

నేనేం చెప్పను? రైల్లో ఒక రాత్రి పడుకుని లేచినా రాని స్టేషన్. ఆ ఏడాది పురుషుల పోటీలు ఒడిశాలో, జార్ఖండ్‌లో. గచ్చిబౌలిలో ఒక్కటి లేదు. ఆలోచిస్తే తప్పు మనదే. తుఫాను అంటే ఎక్కడ తీరం దాటుతుంది? ఒడిశాలోనే కదా. పేరు పెట్టినవాడు వాతావరణ శాఖలో పనిచేసి ఉంటాడు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ దాకా ఉధృతంగా వచ్చిన మన తుఫాను, బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో బలహీనపడి వాయుగుండంగా మారింది. హైదరాబాదులో చినుకు కూడా పడలేదు.

రెండోది విశాఖ చిరునామాతో వచ్చిన టీమ్ గోనాసిక. బీచ్ రోడ్డులో నిలబడి అడిగితే ఆ పేరు చేపదా, ఓడదా అని తిరిగి అడుగుతారు. ఒడిశాలో కేంఝర్ కొండల్లో గోనాసిక అనే చోటు ఉంది. అక్కడే వైతరణి నది పుడుతుంది. వైతరణి దాటినవాళ్లు తిరిగి రారని మన పెద్దలు ఊరికే అనలేదు. మరుసటి ఏడాది పట్టికలో ఆ జట్టు లేదు. దాని చోట రాంచీ రాయల్స్ వచ్చింది. యూపీ రుద్రాస్ కూడా తప్పుకుంది. ఆ ఖాళీలో లీగు పాలకమండలే ఒక జట్టును దించింది. పేరేమిటో తెలుసా? హెచ్ఐఎల్ జీసీ. పాలకమండలి పేరే జట్టు పేరు. పెళ్లికి వరుడు రాకపోతే పురోహితుడే పీటల మీద కూర్చున్నట్టు. గ్యాలరీలో జనం ఏమని అరవాలి? "కమిటీ! కమిటీ!" అనా?

మహిళల కథ ఇంకా మురిపెం. దశాబ్దాల నిరీక్షణ తర్వాత వాళ్లకూ లీగు వచ్చింది, నాలుగే జట్లతో. 2025 జనవరి 26న రాంచీలో ఒడిశా వారియర్స్ తొలి కప్పు గెలిచింది. రెండో ఏడాది కప్పు నిలబెట్టుకోవడానికి వస్తుందని చూస్తే జట్టే లేదు. ఇప్పుడు వరస పేర్చి చూడండి. 2005లో మొదటి విజేత సుల్తాన్స్, ఇప్పుడు లేదు. 2012లో షేర్-ఎ-పంజాబ్, లేదు. 2013లో రాంచీ రైనోస్, రెండేళ్లు తిరక్కుండానే లేదు. 2025లో ఒడిశా వారియర్స్, లేదు. వేరే దేశాల్లో అడుగున ఉన్న జట్టు కింది తరగతికి దిగుతుంది. మన దగ్గర పైనున్న జట్టు పైలోకానికి పోతుంది. బెంగాల్ టైగర్స్ మాత్రం ఎలాగో గండం గట్టెక్కింది. ఆ ఫైనల్లో ఓడిపోయినందుకు మన తూఫాన్స్‌ను ఓదార్చాను గాని, ఇప్పుడనిపిస్తోంది, ఆయుష్షు గట్టిదని అభినందించాల్సింది.

మరి లీగు అంటే ఏమిటి? 2013 లీగు వేలంలో మనం కొన్న డచ్ దిగ్గజం టెన్ డి నోయర్ బ్లూమెండాల్ అనే క్లబ్‌లో ఆడేవాడు. అదో చిన్న ఊరు. క్లబ్ పుట్టింది 1895లో. అక్కడ ఆరేళ్ల పిల్ల కర్ర పట్టుకుని చేరుతుంది, తండ్రి చందా కడతాడు, తల్లి ఆదివారం క్యాంటీన్ చూసుకుంటుంది, తాత గట్టు మీద కూర్చుని అంపైర్‌ను తిడతాడు. ఊళ్లో పిల్లల జట్టు నుంచి దేశపు పెద్ద లీగు దాకా నిచ్చెన ఒకటే. ఎక్కొచ్చు, జారొచ్చు, కానీ ఎవడూ నిచ్చెన ఎత్తుకుపోడు. తమాషా ఏమిటంటే సరిగ్గా అదే 1895లో మన కలకత్తాలో బైటన్ కప్పు మొదలైంది. వేలం లేదు, బాణసంచా లేదు, ఆ కప్పు ఇంకా బతికే ఉంది. ఎవరూ బారసాల చేయలేదు కాబట్టి బతికిందేమో.

మన ఆటగాడికి అసలు లీగు వేరే ఉంది. దాని పేరు ఉద్యోగ నోటిఫికేషన్. రైల్వేలు, పోలీసు, పెట్రోలియం కంపెనీలు, బ్యాంకులు, సైన్యం. ఊరి గ్రౌండులో కర్ర పట్టిన పిల్లవాడి కల ఫ్రాంచైజీ జెర్సీ కాదు, టికెట్ కలెక్టర్ నల్లకోటు. ఆ కోటే హాకీని డెబ్బై ఏళ్లు చలికి వణకకుండా కాపాడింది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి రజని ఏటిమర్పు గోల్‌కీపర్‌గా భారత జట్టు దాకా వెళ్లింది. హైదరాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. వాళ్లను ఏ వేలమూ తయారుచేయలేదు. ఎక్కడో ఒక పీఈటీ మాస్టారు, మట్టి గ్రౌండు, అరిగిన కర్ర తయారుచేశాయి. వేలానికి ఆ మాస్టారిని పిలిచిన దాఖలా లేదు.

లీగు పెద్దలకు నాదొక్కటే మనవి. హైదరాబాద్ పేరు వాడుకుంటే హైదరాబాద్‌లో ఆడండి. పది మ్యాచ్‌లు వద్దు, రెండు చాలు. మిగతా పదకొండు నెలలు ఆ జెర్సీ పేరుతో ఒక గ్రౌండు తెరిచి ఉంచండి. మా వీధి కుర్రాడు మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి మ్యాచ్ ఎక్కడ అని అడగలేదు.

"బాబాయ్, నేను ఆడాలంటే యాడ చేరాలె?"

ఫోన్‌లో వెతికాను. జెర్సీ ఎక్కడ కొనాలో ఉంది. టికెట్టు ఎక్కడ కొనాలో ఉంది. చేరే చోటు లేదు.

2005లో వాడి వయసులో గచ్చిబౌలి గ్యాలరీలో కూర్చుని సుల్తాన్స్ కోసం గొంతు చించుకున్న పిల్లలకు ఇప్పుడు నడివయసు దగ్గరపడుతోంది. ఊయల్లో ఉన్న నాలుగోబిడ్డకు రెండు పండుగలు గడిచాయి. దానికి అక్షరాభ్యాసం చేసే రోజు రాకపోతుందా అని ఆశగా ఒక పలక కొని అటక ఎక్కించబోయాను. అక్కడ అప్పటికే మూడు పలకలున్నాయి. ఒక్కదాని మీదా బలపం గీత లేదు.