రేపటి ర్యామ్

“ఎందుకైనా మంచిది, పెద్దదే తీసుకోండి.” ఇంట్లో సర్వర్ ఒకటి పెట్టుకుని దాని మీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడుపుకుందామనుకునే ప్రతివాడికీ అడక్కుండానే దొరికే సలహా ఇది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కౌంటర్ వెనకాయన చెప్తాడు, ఆఫీసులో పక్క సీటాయన చెప్తాడు, డాలస్‌లో ఉన్న బావమరిది వాట్సాప్‌లో చెప్తాడు. ఏం నడుపుతావని ఒక్కరూ అడగరు. ఎన్ని కోర్లని మాత్రం అందరూ అడుగుతారు. పెళ్లికి ఎంతమంది వస్తారో తెలియకముందే కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టించే ఈ ఉత్సాహం చూస్తే చాలా రోజులుగా ఒళ్లు మండుతోంది. నేననేది ఒక్కటే. ఇంటి సర్వర్ సామాను మనం పని కోసం కొనడం లేదు, ఊహ కోసం కొంటున్నాం. పనేమిటో ముందు కాగితం మీద రాస్తే సగం సామాను కొట్లోనే ఉండిపోతుంది.

రాసి చూద్దాం. ప్రకటనల్ని అడ్డుకునే పై-హోల్‌కి అర జీబీ ర్యామ్ చాలు. లైట్లూ గీజరూ చూసుకునే హోమ్ అసిస్టెంట్‌కి 2. ఫొటోలు దాచే ఇమ్మిచ్‌కి ధారాళంగా 8. సినిమాల జెల్లీఫిన్‌కి 4. ట్యాలీ కోసం తప్పక భరించే విండోస్‌కి 8. లినక్స్ నేర్చుకుందామని పెట్టి, రెండో ఆదివారం నుంచి ముట్టుకోని మెషీన్ ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. దాని మొహాన ఓ 2. మొత్తం ఇరవై నాలుగున్నర. వీటన్నిటినీ మోసే ప్రాక్స్‌మాక్స్ తనకంటూ కనీసం 2 జీబీ ఉంచమంటుంది. అన్నీ పోను, 32 జీబీలో ఇంకా ఐదున్నర మిగిలింది. కోర్ల లెక్క మరీ చోద్యం. ఆరు మెషీన్లు, తలా నాలుగు కోర్లు, వెరసి 24 అని గుణకారం చేసేస్తారు. నిద్రపోయే మెషీన్ ప్రాసెసర్‌ని వదిలేస్తుంది, ర్యామ్‌ని మాత్రం వాటేసుకునే పడుకుంటుంది. ఇంటి మెషీన్లు రోజులో ముప్పాతిక వంతు నిద్రలోనే ఉంటాయి కనుక ఆరు కోర్లను ఆరుగురూ పంచుకోవచ్చు, ర్యామ్ ఎవరి వాటా వారిదే. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన కిటుకు కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 విడుదల చేసింది. ఒకే యంత్రాన్ని చాలామందికి, ఎవరికి వారే సొంతదారులన్న భ్రమ కలిగేలా పంచింది. అప్పటి ర్యామ్‌ని మెగాబైట్లలో, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేవారు.

అయినా మెషీన్లు మందకొడిగా ఉన్నాయంటే నేరం సాధారణంగా డిస్కుది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు చెల్లాచెదురు పనులు సెకనుకి ఓ వంద చెయ్యగలదు. మామూలు ఎస్‌ఎస్‌డీ వేలూ పదివేలూ చేసి పారేస్తుంది. ఆరు మెషీన్లూ ఒకే హార్డ్ డిస్కు ముందు క్యూ కడితే 32 కోర్లు తెచ్చినా ఆ 32 కోర్లూ కలిసి ఎదురుచూస్తాయి, అంతే.

ఈ పొదుపు లెక్కకి పెద్ద అభ్యంతరం ఒకటుంది: డేటా సెంటర్లు వదిలించుకున్న పాత జియాన్ సర్వర్ కారుచౌకగా వస్తుంటే చిన్న డబ్బా ఎందుకని. వస్తుంది, నిజమే. అది ఖాళీగా కూర్చుని తినేది 100 వాట్లనుకుందాం. ఏడాదికి 876 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా ఏటా 7,000 పైమాటే. పైగా ఈ యూనిట్లు బిల్లులో అడుగునుంచి చేరవు, పై శ్లాబులో చేరతాయి. ఆఫీసులు తీసేసిన చిన్న మినీ పీసీ, ఐ5-8500టి లాంటిది, 12 వాట్లతో పడుంటే ఏడాదికి 105 యూనిట్లు. ఇంకో తమాషా. జియాన్ ఈ5కి సొంత గ్రాఫిక్స్ లేవు. సినిమాని ఫోనుకి సరిపడేలా అప్పటికప్పుడు మార్చాలంటే దాని కోర్లన్నీ చెమటోడుస్తాయి. ఆ మినీ పీసీ అదే పనిని ప్రాసెసర్‌లో ఇమిడిన వీడియో యూనిట్‌కి అప్పజెప్పి తను కునుకు తీస్తుంది.

ఇక ఆ పెద్ద సర్వర్‌ని ఎక్కడ పెడతారు? ఏ మాన్యువల్లోనూ ఈ ప్రశ్నకి జవాబు లేదు కనుక వాస్తును ఆశ్రయించాల్సిందే. వేడి పుట్టించేది కాబట్టి ఆగ్నేయం. కానీ అక్కడ వంటిల్లుంది, పోపు జిడ్డుకి ఫ్యాన్లు ఆర్నెల్లలో బిగుసుకుపోతాయి. బరువైనది కాబట్టి నైరుతి అందామా? అక్కడ యజమాని పడగ్గది. ఆ ఫ్యాన్ల హోరుకి యజమాని హాల్లోకి, యజమానురాలు పుట్టింటికి చేరతారు. ఈశాన్యంలో బరువు కూడదు, పైగా అక్కడ దేవుడున్నాడు, ఆయన అప్‌టైమ్‌తో పోటీ పడడం మర్యాద కాదు. బ్రహ్మస్థానం ఖాళీగా వదలాలి. వాయవ్యం గాలి దిక్కు, ఫ్యాన్లకి అనువైనదే. కానీ వాయవ్యంలో పెట్టింది నిలవదంటారు. పెళ్లి కావలసిన పిల్లకీ, అమ్ముడుపోవలసిన సరుకుకీ ఆ మూల చెప్తారు తప్ప, ఏడాది పొడుగునా కదలకూడని సర్వర్‌కి కాదు. అటకెక్కిద్దామంటే, మే నెలలో విజయవాడ అటక మీద ప్రాసెసర్ మన అనుమతి అడక్కుండానే వేగం తగ్గించేసుకుంటుంది. చివరికి అది రౌటర్ పక్కకే చేరుతుంది. రౌటర్ ఎక్కడుంటుంది? ఇంటర్నెట్ కుర్రాడు గోడకి చిల్లు పెట్టిన చోట. అంటే మన ఇళ్లలో సర్వర్ వాస్తు నిర్ణయించేది సిద్ధాంతి కాదు, ఆ కుర్రాడి డ్రిల్లు. జానెడు డబ్బాకి ఈ మీమాంస అక్కర్లేదు, టీవీ వెనక ఇరికించెయ్యొచ్చు.

“మరి రేపు అవసరం పెరిగితే?” అన్నది రెండో అభ్యంతరం. రెండు స్లాట్లున్న డబ్బా కొని, ఒకదాంట్లో 32 జీబీ పెట్టి రెండోది ఖాళీగా వదలడమే దీనికి నా సమాధానం. ర్యామ్ జోడు తప్పితే వేగం కొంత తగ్గుతుంది. డిస్కు కోసమో నెట్ కోసమో ఎదురుచూసే ఈ మెషీన్లకి ఆ తేడా తెలియదు. నిజం చెప్పాలంటే, 2025 చివర్లో ఏఐ గిరాకీకి ర్యామ్ ధరలు చుక్కలు చూపించినప్పుడు, ముందే కొని దాచుకున్నవాళ్లు మీసం మెలేశారు. మెలెయ్యనివ్వండి. ఒకసారి వాళ్ల మాట నిజమైంది. వాళ్లు కొని ఖాళీగా ఉంచిన కోర్ల మాట ఎవరూ ఎత్తరు. తప్పులు సరిదిద్దే ఈసీసీ ర్యామ్ కావాలనేవాళ్ల వాదనలో మాత్రం పస ఉంది, వాళ్లతో నాకు పేచీ లేదు.

పేచీ ఇంకోచోట. ఇంత సుదీర్ఘంగా రేపటి గురించి ఆలోచించేవాళ్లు ఒక రేపటిని మాత్రం కాగితం మీద పెట్టరు: ఇదంతా పెట్టినాయన ఇంట్లో లేని రేపు. పాపాయి తొలి అడుగులూ, తాతయ్య చివరి పుట్టినరోజూ అన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి. ఎలా తెరవాలో తెలిసినవాడు ఒక్కడే. మిగతావాళ్లకి అది టీవీ వెనక పచ్చలైటు. ఎవరో ఒకరు కరెంటు దండగని ప్లగ్గు పీకేస్తారు. రెయిడ్ ఒక డిస్కు చస్తే కాపాడుతుంది, తెలిసిన మనిషి పోతే కాపాడదు. కనుక పొదుపు చేసిన ఆ కోర్ల డబ్బుతో ఇంకో డిస్కు కొని, నెలనెలా ఫొటోల నకలు తీసి, ఊళ్లో అత్తయ్య ఇంట్లో పెట్టించడం ఉత్తమం. పాస్‌వర్డులు రాసిన కాగితం పట్టాదారు పాసుపుస్తకం ఉన్న బీరువాలోకి. పాస్‌వర్డులు కాగితం మీద రాయకూడదంటారు గానీ, ఇంటి బంగారం దాచిన బీరువాకి ఇదో లెక్కా! ఆ డిస్కు మాత్రం మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలించినా తెరుచుకునేలా ఉండాలి. విండోస్ చదవలేని జెడ్‌ఎఫ్‌ఎస్ గొప్పతనం అత్తయ్యకి ఎవరు చెప్తారు?