నవ్వింది ఎవర్ని చూసి?

స్టీఫెన్ కోల్బేర్ అనే అమెరికా హాస్యనటుడు 2005 నుంచి 2014 దాకా కామెడీ సెంట్రల్‌లో రాత్రిపూట ‘ది కోల్బేర్ రిపోర్ట్’ నడిపాడు. వేషమేమో నోటి దురుసు మితవాద టీవీ వ్యాఖ్యాతది. పేరు మాత్రం సొంతదే. చిక్కంతా అక్కడే వచ్చింది.

‘మితవాదుల్ని భలే ఉతికాడు’ అని ఉదారవాదులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మితవాదులూ నవ్వారు! వెక్కిరింపు పైపైకేననీ, లోలోపల మనవాడేననీ వాళ్ల ధీమా. ఇది గిట్టనివాళ్ల కల్పన కాదు, 2009లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చిన సంగతి. షో సరదాగా ఉందనడంలో మాత్రం ఇరువర్గాలదీ ఒకే మాటట. పాపం, అద్దం పట్టి చూపిస్తే మితవాదులు ఎదుటివాడి ఫొటో అనుకున్నారు.

2006లో వైట్‌హౌస్ విలేకరుల విందులో, అధ్యక్షుడు బుష్ ఎదుటే, అదే వేషంలో కోల్బేర్ ఆయన్ని తెగ ‘పొగిడాడు’. హాల్లో నవ్వులు పలచబడ్డాయి. బయట వీడియో చూసినవాళ్లు మాత్రం పండగ చేసుకున్నారు.

ఇక కోల్బేర్ ఎదిగొచ్చిన ‘ది డైలీ షో’ గొడవ వేరు. మాది ఉత్త కామెడీ మహాప్రభో అని దాని వ్యాఖ్యాత జాన్ స్టీవర్ట్ ఏళ్ల తరబడి మొత్తుకున్నా, వార్తల కోసమే చూస్తున్నామన్నవాళ్లు వినలేదు. మావి అచ్చమైన వార్తలని న్యూస్ ఛానళ్లు ఒట్టేసి చెబితే వాళ్లే పకపకా నవ్వారు.

మన తెలుగు ఛానళ్లలో రాత్రి చర్చలు చూస్తూ నవ్వాపుకోలేకపోతున్న పాఠకులారా, కంగారుపడకండి. లోపం మీలో లేదు.