37 కోసం పడిగాపులు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. విశాఖలో ఆ ఏడు మాత్రం పండక్కి వారం ముందే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. పొద్దున తొమ్మిదింటికే పడమటి గాలి మొదలైంది. మామూలు మనుషులు ఫ్యాను వేసుకున్నారు. నేను డాబా ఎక్కాను.

నాకూ పక్కవీధి మాస్టారికీ ఎండ పిచ్చి. ఎండంటే ఇష్టమని కాదు, ఎండ అంకె అంటే ఇష్టం. తూర్పు కనుమలు దిగే గాలి కిందికొచ్చేకొద్దీ నొక్కుకుని వేడెక్కుతుంది. పొడిగాలైతే కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు. అది గట్టిగా వీచినంతసేపూ సముద్రపు గాలి ఒడ్డెక్కలేదు. ఎక్కిందా, అంకె చతికిలబడుతుంది. ఊరంతా అమ్మయ్య అనుకునే ఆ వేళ మా ఇద్దరికీ పీటల మీద పెళ్లి ఆగిపోయినంత దిగులు.

మా గురి 37. తీరప్రాంతంలో 37 చేరి, పైగా మామూలుకన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటేనే వాతావరణ శాఖ దాన్ని వడగాలి లెక్కలోకి తీసుకుంటుంది. మైదానాల్లోనైతే 40 ఉండాలి. మాఘమాసంలో 37! మాస్టారు ముందురోజు రాత్రి సరిగా నిద్రపోలేదట.

కొలవడానికీ ఓ పద్ధతుంది. ఎండలో పెట్టిన థర్మామీటరు గాలి వేడి చెప్పదు, తన ఒంటి మంట చెబుతుంది. అందుకే ఏటవాలు చెక్కల తెల్లపెట్టెలో, నీడలో, నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టాలి. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ రూపొందించాడు; 'ట్రెజర్ ఐలాండ్' రాసింది ఆయన కొడుకే. నాది పాత కిటికీ రెక్కలతో చేయించిన పెట్టె. తెల్లరంగు వేస్తుంటే మా ఆవిడ వచ్చి చూసి, "ఏటండీ ఇది, పావురాల గూడా?" అంది.

పెట్టెలో థర్మామీటరు, హాల్లో దాని అంకెలు చూపించే డబ్బా. పన్నెండూ నలభైకి 36.2! మాస్టారికి ఫోన్ చేశాను.

"నాకు 35.8 చూపిస్తోంది. మీ పెట్టెకి పిట్టగోడ వేడి తగుల్తోంది బాబూ" అన్నారాయన. అసూయ అనను, పెద్దాయన.

ఒంటిగంట దాటాక డబ్బాలో అంకె జారింది. 34. 31. కాసేపటికి 28.

"అయిపోయింది మాస్టారూ, సముద్రపు గాలి వచ్చేసింది."

"మాకు రాలేదే!"

"మీ వీధి సముద్రానికి కాస్త దూరం కదండీ."

"రెండు వీధులు దాటడానికి దానికి అరగంట కావాలా?" అని ఫోన్ పెట్టేసి, గొడుగేసుకుని ఆయనే వచ్చారు.

ఇద్దరం డాబా ఎక్కాం. పడమటి గాలి మొహం మీద కొలిమిలా కొడుతోంది. పాత చీర మీద పెట్టిన మినప వడియాలు పటపటమంటూ ఊడొస్తున్నాయి. పెట్టె మీద మాత్రం నీళ్లోడుతున్న తువ్వాలు.

"గాలి బాగా ఆడుతోందని అక్కడ ఆరేశాను" అంది మా ఆవిడ.

నేను తల పట్టుకుంటే మాస్టారు పొంగిపోయారు. గాలిలో తేమ కొలవడానికి వాతావరణ కేంద్రాల్లో ఒక థర్మామీటరు బొడిపెకి తడిగుడ్డ చుడతారు. గాలి ఎంత పొడిగా ఉంటే అంకె అంత పడిపోతుంది. "అమ్మాయి తెలియకుండానే ఆ పని చేసిందయ్యా!" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పుకి ఆయనకి కాఫీ దక్కింది, నాకు దక్కలేదు.

తువ్వాలు తీసి, అంకె మళ్లీ పైకి పాకేలోగా నిజంగానే సముద్రపు గాలి వచ్చేసింది. మాస్టారి పెట్టెలో మాత్రం ఆ మధ్యలో 37.1 నమోదైందట. చూసినవాళ్లెవరూ లేరు.

నా పుస్తకంలో ఆ రోజు గరిష్ఠం 36.2, పక్కన 'తువ్వాలు' అని రాసుంది. వడియాలు ఒక్క ఎండకే ఆరిపోయాయి.