టక్కుటక్కు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: బుల్లెట్ మోటారుసైకిలు 1932లో ఇంగ్లండులో పుట్టింది, 1955లో మద్రాసు చేరి అక్కడే స్థిరపడింది. దాని పాత పోత ఇనుము ఇంజను 346 సీసీలది, ఒకే సిలిండరుది, ఒళ్లు బాగున్నప్పుడు కూడా నోరు మూసుకోదు. కాబట్టి చప్పుడు వస్తోందా అని అడిగి లాభం లేదు. ఏ చప్పుడు, ఏ వేళలో అని అడగాలి. ఈ వివేకం బోధించదలచి షెడ్డు కవి ఒకడు ఆటవెలది చెప్పినాడు.

మూలం:

టక్కు టక్కు మనుచు టాపెట్లు పలుకంగ
చలికి పిస్టనేమొ చప్పరించు
కొండ నెక్కువేళ ఘోషించు కిణకిణ
అడుగు దద్దరిల్ల నాగవలయు

టీక: టక్కు టక్కు మనుచు = సన్నగా, తాళం తప్పకుండా; టాపెట్లు = కామ్ తిరిగినప్పుడల్లా లేచి పుష్‌రాడ్లను ఎత్తేవి; పలుకంగ = పలుకుతూ ఉండగా, ‘కంగారు పడకుమని’ శేషం. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది కనుక ఈ పలుకు ఇంజను వేగంలో సగం లయలో నడుస్తుంది.

టాపెట్ల సెట్టింగు విధి ఇది: ఇంజను పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపి, కుడివైపు మూత విప్పి, పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పాలి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. టాపెట్ల నోరు పూర్తిగా నొక్కేయమని కొందరు ఓనర్లు పట్టుబడతారు. ఇది అపవ్యాఖ్య. మరీ బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోదు. దాని వేడి చాలావరకు ఆ సీటు గుండానే దిగాలి కాబట్టి వాల్వు కాలిపోతుంది.

రెండో పాదానికి ‘చలికి’ అన్న మాటే ప్రాణం. అల్యూమినియం పిస్టన్ పోత ఇనుము బ్యారెల్ కంటే వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మధ్యన సందు ఎక్కువ, పిస్టన్ గోడకు కొట్టుకుంటుంది. వేడెక్కాక మానితే దోషం లేదు. మానకపోతే బోరు అరిగిందని అర్థం. రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి.

మూడో పాదంలో కర్త లేడు. ఘోషించినదెవరు? కల్తీ పెట్రోలని అధ్యాహారం చేయడం ఓనర్ల సంప్రదాయం; అది ఒక పక్షం మాత్రమే. స్పార్కు మరీ ముందుగా పడినా, హెడ్డులో మసి పేరుకున్నా, మంట ఇంకా చేరని మిశ్రమం తనంత తానే భగ్గుమంటుంది. శ్రీశైలం ఘాట్‌లో టాప్ గేరు మీదే రేజ్ చేసేవారికి ఈ కిణకిణ స్పష్టంగా వినిపిస్తుంది, గేరు దించితే తగ్గుతుంది. స్పార్కు వేళను నిర్ణయించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాపు పెరిగితే అవి ముందే విడివడి టైమింగు ముందుకు జరుగుతుంది. ఆ గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉందో లేదో ఫీలర్ గేజితో చూడాలి.

మొదటి మూడు పాదాలూ వర్ణనలు. నాలుగోది ఆజ్ఞ, ‘వలయు’ అన్నది అందుకే. కింద నుంచి బరువుగా దబదబలాడుతూ, లోడు పడేకొద్దీ పెరిగే చప్పుడు బిగ్ ఎండ్‌ది. అక్కడ కనెక్టింగ్ రాడ్డుకీ క్రాంక్ పిన్నుకీ నడుమ ఉండే బుష్ నూనె అందక అరిగితే రాడ్డు కొట్టుకుంటుంది. అలాగే నడిపితే రాడ్డు విరిగి క్రాంక్ కేసును పగలగొట్టవచ్చు.

తాత్పర్యం: టాపెట్లను పలకనివ్వాలి, పిస్టన్‌ను వేడెక్కనివ్వాలి, కొండమీద గేరు దించి తరవాత టైమింగు చూసుకోవాలి, అడుగు దద్దరిల్లితే బండిని ఆటోలో వేయించి షెడ్డుకు చేర్చాలి.

విశేషం: కవి ప్రైమరీ చైన్‌ను విడిచిపెట్టాడు. అది వదులైతే ఎడమ కవర్ లోపల కొట్టుకుంటూ బిగ్ ఎండ్ అనే భ్రాంతి కలిగిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆ కవర్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు పుట్టిన చోటు కొంత తేలుతుంది. అప్పటికీ సందేహం తీరకపోతే బ్యారెల్ లేపి, రాడ్డును పైకి తెచ్చి నిలువునా లాగి చూడాలి. పక్కలకు కాస్త ఆడటం సహజం. నిలువునా ఆడితే క్రాంక్ విప్పించక తప్పదు.